సంచిలో కాకిపిల్లలు

కరెంటు స్తంభం ఎక్కేవాడికి భయం ఉండదని జనం అనుకుంటారు. ఎవరు పుట్టించారో గానీ శుద్ధ అబద్ధం. భయం లేనివాడు ఆ ఉద్యోగంలో నాలుగు కాలాలపాటు బతికి బట్టకట్టడు. ఈ కథలో లైన్‌మన్ అయితే పొద్దున్నే చొక్కాతో పాటు భయాన్ని కూడా తొడుక్కుని ఇంట్లోంచి బయల్దేరే మనిషి. తన చేత్తో తానే కరెంటు తీసి వచ్చినా సరే, తీగకు టెస్టర్ పెట్టి చూసేవాడు. చూశాక, ఆ టెస్టర్ సరిగ్గా పనిచేస్తోందో లేదోనని కరెంటు ఉన్న ఇంకోచోటికి వెళ్లి మళ్లీ చూసేవాడు.

"ఆ రెండోచోట నిజంగా కరెంటు ఉందో లేదో మూడోచోటికి వెళ్లి చూసిరా బావా, నేనిక్కడే ఉంటాను," అనేవాడు అతని బావమరిది.

బావమరిదంటే భార్యకు స్వయానా తమ్ముడు. ఇద్దరిదీ ఒకే ఆఫీసు, ఒకే జట్టు. బావమరిది గాలికి ఊగే మనిషి, అంత సన్నం. అందుకని పైకెక్కేది అతను. బావకు కాస్త బొజ్జ ఉంది, దాని గురించి మాట్లాడితే కోపం కూడా ఉంది. అందుకని కింద నిలబడి నిచ్చెన పట్టుకోవడం, తాడుతో పనిముట్లు పంపించడం, ఫ్యూజులు దగ్గర పెట్టుకోవడం అతని పని.

ఈ ఫ్యూజుల సంగతి ముందే చెప్పుకోవాలి. పెద్ద లైన్లకైతే సవాలక్ష జాగ్రత్తలుంటాయి. వీధుల్లోకి వెళ్లే చిన్న లైన్లకు ట్రాన్స్‌ఫార్మర్ కింద ఒక ఇనప పెట్టె ఉంటుంది. అందులోంచి పింగాణీ ఫ్యూజులు పీకేస్తే ఆ వీధి తీగల్లో ప్రాణం పోయినట్టే. పీకిన ఫ్యూజుల్ని అక్కడ వదలకూడదు. కింద ఉన్న మనిషి వాటిని తన సంచిలో వేసుకుని, ఆ సంచిని భుజానికి తగిలించుకుని, పైవాడు దిగి నేలమీద కాలు పెట్టేదాకా దించకూడదు. ఇది ఏ పుస్తకంలోనూ రాసిలేదు, ఆ పనిలో ఉన్నవాళ్లు ఒకరికొకరు ఇచ్చుకునే మాట. పైవాడి ప్రాణం కిందవాడి భుజానికి వేలాడుతూ ఉంటుందన్నమాట.

భార్యకు ఇదంతా తెలుసు. తమ్ముడూ మొగుడూ ఒకే స్తంభం దగ్గర పనిచేస్తుంటే ఏ ఆడదానికి గుండె నిబ్బరంగా ఉంటుంది? పొద్దున్నే టిఫిన్ డబ్బాలు అందిస్తూ రోజూ ఒకటే మాట అనేది.

"ఇద్దరూ ఒకేసారి పైకెక్కకండి. ఒకరు కింద ఉండండి."

"నన్ను ఎక్కించడానికి క్రేన్ తేవాలిగదే," అని అతను నవ్వేసేవాడు. ఆమె నవ్వేది కాదు. సాయంత్రం వీధి మలుపులో రెండు సైకిళ్లూ కనబడేదాకా ఆమె ఏ పని మీదా మనసు పెట్టేది కాదు.

ఇక వీధుల్లో జనం అతన్ని పిలిచే పేరు గూళ్లాయన. చలి తగ్గి, చెట్లు ఎర్రటి చిగుళ్లు వేసి, తేనెటీగలు పూలమీద ముసురుకునే రోజులు వచ్చాయంటే కరెంటాఫీసులో ఒక ఆర్డరు వస్తుంది. ఎండాకాలం ముదరకముందే తీగలకు తగిలే కొమ్మలు కొట్టెయ్యాలి, స్తంభాల మీద గూళ్లు తీసెయ్యాలి అని. ఆఫీసు తప్పేం లేదు. కాకి గూడంటే పుల్లలతో కట్టుకుంటుందని మనం అనుకుంటాం. స్తంభమెక్కి చూస్తే తెలుస్తుంది దాని సంగతి. ఇనప తీగ ముక్కలు, గొడుగు ఊచలు, స్పూన్లు, ఎవరివో కళ్లజోడు కాడలు, అన్నీ అందులో ఉంటాయి. గాలికి ఒక తీగ ముక్క జారి రెండు లైన్ల మధ్య పడితే వీధి వీధంతా చీకటి, ఖర్మ కాలితే మంటలు.

అందరు లైన్‌మన్‌లూ పొడుగాటి కర్రతో గూడును పొడిచి కింద పడేస్తారు, పది నిమిషాల్లో పని అయిపోతుంది. ఇతనూ మొదట్లో అలాగే చేశాడు. ఒకసారి అలా పడేసిన గూట్లో కళ్లు తెరవని పిల్లలున్నాయి. తల్లి కాకి ఆ సాయంత్రం చీకటి పడేదాకా అరిచింది. మర్నాడు అదే స్తంభం మీద కూర్చుని మళ్లీ అరిచింది. అతనికి అన్నం సయించలేదు. అప్పటినుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాడు. వెదురు బుట్ట ఒకటి తీసుకెళ్లడం, గూడు మధ్యభాగాన్ని పిల్లలతో సహా అందులోకి దింపించడం, దగ్గర్లో తల్లికి కనబడేలా ఉన్న చెట్టు పంగలో ఆ బుట్టను పురికొసతో కట్టేయడం. దూరం తీసుకెళ్తే తల్లి రాదు. దాని కళ్లెదుటే మారిస్తే కాసేపు గోల చేసి, తర్వాత వచ్చి మేత పెడుతుంది. కొమ్మలు కొట్టేటప్పుడు కూడా పిచ్చుకల గూడు ఉన్న రెమ్మ జోలికి పోయేవాడు కాదు, చుట్టూ కొట్టించి అదొక్కటి వదిలేయించేవాడు. వెనక నుంచి చూస్తే ఆ చెట్లు సగం క్షవరం చేయించుకుని లేచొచ్చిన మనుషుల్లా ఉండేవి.

కాకులకు విశ్వాసం ఉంటుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు. తమ పిల్లల్ని కాపాడే ఈ మనిషి మొహం గుర్తుపెట్టుకుని, ఏడాది పొడుగునా వీధి వీధినా వెంటబడి నెత్తిమీద పొడిచేవి. బావమరిది పడీపడీ నవ్వేవాడు. అయినా గూళ్లాయనకు ఆ రోజులంటే ఇష్టం. బావమరిది పైనుంచి గుడ్ల రంగు చెప్పేవాడు. నీలం కలిసిన లేతాకుపచ్చ, మీద గోధుమ మచ్చలు. "పైనుంచి చూస్తే ఊరు వేరేగా ఉంటుంది బావా, అన్నీ చిగుళ్లే, ఇళ్లే కనబడవు," అనేవాడు. బావ కింద నిలబడి మెడ వెనక్కి వాల్చి ఆ మాటలు వింటూ ఉండేవాడు. ఏడాది మొత్తంలో భయం కాస్త మరిచిపోయి బతికే రోజులు అతనికి అవే.

అదే కొంప ముంచింది.

వాళ్లు పనిచేసే ఒక వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ ఎదురుగా ఒక వెల్డింగ్ షాపు ఉంది. షాపతను మంచివాడే, కాకపోతే కరెంటు పోయిందంటే కాలుగాలిన పిల్లిలా తిరుగుతాడు. గేట్లు చేసే పని, కరెంటు లేకపోతే చేతులు కట్టుకుని కూర్చోవలసిందే. గూళ్ల రోజుల్లో పని ఆలస్యమయ్యేది, పక్క వీధిలో ఇంకో గూడు ఎదురుచూస్తూ ఉండేది. అందుకని గూళ్లాయన అతనికి ఒక గుర్తు చెప్పాడు. "ఫ్యూజులు పెట్టె మీద పెట్టి, నిచ్చెన తీసుకుని వెళ్లిపోయానంటే మా పని అయిపోయినట్టు. నువ్వే పెట్టేసుకో. జాగ్రత్త, చేతికి తొడుగు వేసుకో." ఇది తప్పని అతనికి తెలుసు. టెస్టర్‌ను రెండుచోట్ల పరీక్షించే మనిషి అలాంటి పని ఎలా చేశాడంటే ఏం చెబుతాం? పక్క వీధిలో పిల్లలు అరుస్తున్నాయని తొందర. ఎప్పుడూ ఏమీ కాలేదు గనక ధైర్యం. భయస్థుడికి ఒక్కచోట ధైర్యం వచ్చినా ముప్పే.

ఆ రోజు మబ్బు లేదు, గాలి లేదు. వెల్డింగ్ షాపు పక్క స్తంభం మీద గూడు. దాని పక్కనే ఉన్న చెట్టు కొత్త ఆకులు వేసి, గొడుగు పట్టినట్టు స్తంభం పైభాగాన్ని కమ్మేసింది. కొమ్మలు కొట్టాలన్నా ముందు గూడు తియ్యాలి. ఫ్యూజులు పీకి సంచిలో వేసుకుని, రెండుచోట్లా టెస్టర్ పెట్టి చూసి, "ఇక ఎక్కు," అన్నాడు గూళ్లాయన. బావమరిది ఎక్కి నడుం బెల్టు స్తంభానికి తగిలించుకున్నాడు. ఆకుల్లోంచి అతని చెప్పులు తప్ప ఇంకేమీ కనబడలేదు.

"పిల్లలున్నాయి బావా. ఈకలు కూడా రాలేదు. బుట్ట పంపించు."

బుట్ట లేదు. పొద్దున ఇంకో వీధిలో ఒక గూటికి వాడేశారు. రెండో బుట్ట తేవాలన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు. తల్లి కాకి అప్పటికే వచ్చి బావమరిది చెవి దగ్గర అరుస్తోంది.

"సంచి పంపించు," అన్నాడు బావమరిది.

గూళ్లాయన సంచి దించాడు. కటింగ్ ప్లయర్, తొడుగులు, తీగ చుట్ట, ఫ్యూజులు అన్నీ తీసి పెట్టె మీద పెట్టాడు. ఒక్క నిమిషం పనే కదా అనుకున్నాడు. ఖాళీ సంచిని తాడుకు కట్టి పైకి పంపించాడు. కాసేపటికి సంచి బరువుగా కిందికి వచ్చింది. లోపల పుల్లల మధ్య గులాబీరంగు ముద్దల్లాంటి పిల్లలు. వెచ్చగా ఉన్నాయి, నోళ్లు తెరిచి ఊగుతున్నాయి. వాటిని చూడగానే మనిషి మిగతా లోకాన్ని మర్చిపోయాడు.

వీధికి అటుపక్క గోడ వెనక ఇంకో చెట్టుంది. మంచి పంగ, కానీ ఎత్తులో ఉంది.

"నిచ్చెన తీసుకెళ్తున్నాను. నువ్వు ఆ వదులైన తీగకు కట్టు వేస్తూ ఉండు, ఇప్పుడే వస్తాను," అని కేకేశాడు.

"నన్ను ఇక్కడే కాపురం పెట్టించి పోతున్నావా బావా?"

"నోరు మూసుకుని పని చూడు."

అవే వాళ్లు మాట్లాడుకున్న మాటలు. నిచ్చెన భుజాన, సంచి గుండెలకు ఆనించుకుని అతను వీధి దాటాడు. ఫ్యూజులు పెట్టె మీదే ఉన్నాయి.

చెట్టు పంగలో సంచిని గిన్నెలా తెరిచి పుల్లలు సర్దాడు. పురికొస రెండు చుట్లు తిప్పాడు. తల్లి కాకి అటూ ఇటూ ఎగురుతోంది. పిల్లలకు ఎండ తగలకుండా ఒక రెమ్మ వంచి పైన కట్టాడు. చేతులు అంత మెత్తగా పనిచేస్తున్నాయి, మనసు అంత నెమ్మదిగా ఉంది. ఆ నెమ్మదిలో ఎక్కడో క్షవరం షాపులో రేడియో పాడటం మొదలుపెట్టింది.

మంచి పాటే అనుకున్నాడు మొదట. తర్వాత పురికొస మీద వేళ్లు ఆగిపోయాయి.

కరెంటు లేని వీధిలో రేడియో ఎలా పాడుతోంది?

తల తిప్పి చూశాడు. పెట్టె తలుపు తీసి ఉంది. వెల్డింగ్ షాపతను చేతికి తొడుగు వేసుకుని పెట్టె ముందు నిలబడ్డాడు. ఒక ఫ్యూజు పెట్టేశాడు, రెండోది చేతిలో ఉంది. అక్కణ్నుంచి అతనికి స్తంభం మీద ఆకులు తప్ప ఏమీ కనబడటం లేదు. పెట్టె మీద ఫ్యూజులున్నాయి, నిచ్చెన వీధికి అటువైపు ఉంది. చెప్పిన గుర్తు చెప్పినట్టే ఉంది. అతను చెప్పిన పనే చేస్తున్నాడు.

గూళ్లాయన అరిచాననుకున్నాడు. నోట్లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. నిచ్చెన మీంచి దూకాడో, పడ్డాడో ఇప్పటికీ అతనికి తెలియదు. వీధి దాటుతుండగా రెండో ఫ్యూజు లోపలికి వెళ్లడం కళ్లారా చూశాడు.

చెట్టు ఆకుల్లోంచి ఒక శబ్దం వచ్చింది. మనిషి కేకలా లేదది. తర్వాత ఆకులు గలగలమని కదిలాయి, చెప్పు ఒకటి కింద పడింది.

షాపతన్ని ఒక్క తోపు తోసి, ఉత్త చేతులతోనే ఫ్యూజులు పీకేశాడు. పీకి, వాటిని చొక్కాలో వేసుకుని రెండు చేతులా పొట్టకు అదిమిపట్టుకున్నాడు. పైకెక్కాలి. నిచ్చెన అటువైపు చెట్టుకుంది. తనే తీసుకెళ్లాడు. ఆ వీధి వెడల్పు ఎంతని, నాలుగంగల్లో దాటే వీధి. ఆ క్షణాన దాన్ని దాటడం అతని వల్ల కాలేదు. షాపతనే ఏడుస్తూ పరుగెత్తి నిచ్చెన తెచ్చాడు.

"అన్నా, పైన మనిషున్నాడని నాకు తెలియదన్నా. నిచ్చెన అక్కడుందన్నా. నువ్వేగా చెప్పావు," అంటూనే ఉన్నాడు.

"నేనే చెప్పాను. పట్టుకో నిచ్చెన," అన్నాడు గూళ్లాయన. ఆ బొజ్జతో ఆ రోజు ఎలా ఎక్కాడో దేవుడికే తెలియాలి. బావమరిది బెల్టుకు వేలాడుతూ ఉన్నాడు, తల ఒక పక్కకు వాలిపోయింది. కుడిచెయ్యి నల్లగా మాడింది. కాలిన వాసన. గూళ్లాయన అతని మొహం పట్టుకుని పిలిచాడు. పలకలేదు. ముక్కు దగ్గర వేలు పెట్టాడు, ఊపిరి తగిలిందో లేదో తెలియలేదు. వీడి అక్కను ఏ మొహం పెట్టుకుని చూడను అన్న ఆలోచన తప్ప బుర్రలో ఇంకేమీ లేదు.

వీధి జనం పోగై దుప్పటి పట్టారు, తాడుతో దింపారు. నేలమీద పడుకోబెట్టి గుండెమీద గుద్దుతూ, నోట్లోకి ఊపిరి ఊదుతూ ఉండగా, చివరికి బావమరిది ఒక్కసారి దగ్గాడు. ఆ దగ్గు విని గూళ్లాయన రోడ్డుమీదే కూలబడి, చిన్నపిల్లవాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. చొక్కాలోంచి ఫ్యూజులు మాత్రం తియ్యనివ్వలేదు. ఆసుపత్రి దాకా అవి అతని పొట్ట దగ్గరే ఉన్నాయి.

ఆసుపత్రి వరండాలో తెల్లటి గోడకు ఆనుకుని నిలబడి ఉండగా భార్య వచ్చింది, వెనక బావమరిది భార్య. అతనికి వరసకు చెల్లెలు. ఆమె నేరుగా లోపలికి పరుగెత్తింది. భార్య మాత్రం ఆగింది.

"సంచి ఏది?" అని అడిగింది.

అన్నేళ్లుగా ఆ ఇంట్లో ఉన్న మనిషి కదా, ఎక్కడ ఏం తప్పిందో ఆమెకు ఎవరూ చెప్పకుండానే తెలిసింది. అతను తల దించుకుని, ఫ్యూజులు దించి పెట్టె మీద పెట్టానని, సంచిలో కాకిపిల్లల్ని వేసి తీసుకెళ్లానని చెప్పాడు. ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. గోడవారగా బెంచీ మీద కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంతే.

బావమరిది బతికాడు. కుడిచేతి వేళ్లు రెండు తీసెయ్యాల్సి వచ్చింది, మిగతావి సరిగ్గా ముడుచుకోవు. ఆఫీసులో విచారణ జరిగింది. వెల్డింగ్ షాపతను వణుకుతూ వచ్చి నిలబడితే, "పెట్టింది అతను, పెట్టమన్నది నేను," అని గూళ్లాయన ముందే చెప్పేశాడు. కొన్నాళ్లు ఉద్యోగంలోంచి పక్కన పెట్టారు, తర్వాత తీసుకున్నారు. ఇంకెప్పుడూ గూళ్ల జోలికి వెళ్లవద్దని, కర్రతో పొడిచి పడెయ్యమని ఇంజనీరు గట్టిగా చెప్పాడు. అతను సరేనన్నాడు. ఆ సరేనన్నది భయంతోనే, ఒప్పుకుని కాదు.

ఇంట్లో భార్య అన్నం పెట్టేది, మాట్లాడేది కాదు. అతను ఆ వీధి వైపు వెళ్లడం మానేశాడు. చుట్టూ తిరిగి వెళ్లేవాడు. ఎక్కడైనా పక్షిపిల్లల అరుపు వినబడిందంటే అరచేతులు చెమట పట్టేవి. చెట్లు అంత పచ్చగా ఉంటే, ఆ పచ్చదనంలో ఎవరు వేలాడుతున్నారో అన్నట్టుండేది.

ప్రమాదం జరిగి ఇంకా మూడు వారాలైనా కాకముందు, ఒకరోజు ఆసుపత్రి నుంచి మొగుడూ పెళ్లాం నడిచి వస్తున్నారు. భార్య ఉన్నట్టుండి అడిగింది.

"ఆ పిల్లలేమయ్యాయి?"

"ఏ పిల్లలు?"

"సంచిలోవి."

"చూడలేదు."

"చూడకపోవడమేమిటి? మా తమ్ముడి చెయ్యి పోయింది వాటికోసమేగా. నడవండి."

ఆమె చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది. వీధి మలుపు తిరగ్గానే వెల్డింగ్ షాపతను లేచి నిలబడ్డాడు, మళ్లీ కూర్చున్నాడు. గూళ్లాయన గోడ దగ్గరికి వెళ్లాడు గానీ తలెత్తలేదు. పైన చచ్చి ఎండిపోయిన పిల్లలుంటే ఏం చెయ్యాలి? సంచి ఖాళీగా ఉంటే ఏమనుకోవాలి?

భార్యే తలెత్తి చూసింది. చాలాసేపు చూసింది.

"ఉన్నాయి. తల్లి మేత పెడుతోంది," అంది.

అప్పుడు అతనూ చూశాడు. సంచి పంగలో అలాగే ఉంది. అంచు మీద నల్లటి ఈకలు, ఎర్రటి నోళ్లు. తల్లి కాకి వంగి ఒక్కొక్క నోట్లో ఏదో కుక్కుతోంది. అవి అరుస్తుంటే అతని ఒళ్లు జలదరించింది. సంతోషం రావాల్సిన చోటికి భయం వచ్చి కూర్చుంది.

"ఇవి బతికాయని మిమ్మల్ని క్షమించానని అనుకోకండి. కాకపోతే ఇవి కూడా చచ్చిపోయి ఉంటే మాత్రం నేను భరించలేకపోయేదాన్ని," అంది భార్య. అన్నాళ్ల తర్వాత ఆమె అతనితో అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు.

ఏడాది తిరిగింది. చెట్లు మళ్లీ ఎర్రటి చిగుళ్లు వేశాయి. ఆఫీసులో మళ్లీ ఆర్డరు. బావమరిది పనిలోకి వచ్చాడు, కానీ ఆ చేత్తో స్తంభం ఎక్కలేడు. ఇంజనీరు ఇద్దర్నీ విడదీస్తానన్నాడు. బావమరిది ఒప్పుకోలేదు. "పైకి ఆయన ఎక్కుతాడు, కింద నేనుంటాను," అన్నాడు. గూళ్లాయన గుండెల్లో రాయి పడింది, కాదనే హక్కు తనకెక్కడుంది? బొజ్జ అప్పటికే సగం కరిగిపోయింది, అన్నం సయిస్తేగా ఉండటానికి.

మొదటి గూడు ఒక బడి వెనక స్తంభం మీద. గూళ్లాయన పొడుగాటి కర్ర తెచ్చుకున్నాడు. నిచ్చెన ఎక్కకుండా కింద నుంచే పొడిచేద్దామని అతని ఉద్దేశం.

"ఏమిటా కర్ర?" అన్నాడు బావమరిది.

"ఇంజనీరు చెప్పాడుగా."

"గుడ్లుంటే?"

"ఉంటే ఉంటాయి. నావల్ల కాదురా. వాటి అరుపు వింటేనే చేతులు వణుకుతున్నాయి."

బావమరిది వెళ్లి పెట్టె తెరిచి, ఎడమచేత్తో ఫ్యూజులు పీకాడు. వాటిని సంచిలో వేసుకుని భుజానికి తగిలించుకున్నాడు. టెస్టర్ రెండుచోట్లా పెట్టి చూశాడు. సైకిలు వెనక నుంచి కొత్త వెదురు బుట్టలు రెండు తీసి కింద పెట్టాడు.

"ఎక్కు బావా," అన్నాడు.

గూళ్లాయన ఎక్కాడు. మెట్టు మెట్టుకీ ఆగి కిందికి చూశాడు. సంచి భుజానే ఉంది. ఇంకో మెట్టు ఎక్కి మళ్లీ చూశాడు. బెల్టు తగిలించుకున్నాడు, చూశాడు. గూటి అంచు మీద చెయ్యి వెయ్యబోతూ తీగకు మోచెయ్యి తగిలింది. కరెంటు లేని తీగే, అయినా పైప్రాణాలు పైనే పోయాయి. బిగుసుకుపోయి మళ్లీ కిందికి చూశాడు. చుట్టూ చిగుళ్లు ఎండలో మెరుస్తున్నాయి, బావమరిది ఎప్పుడూ చెప్పే ఊరు ఇదే. ఇళ్లు కనబడటం లేదు. దాన్ని చూసే ధైర్యం లేదు అతనికి, చూపంతా కింద ఉన్న సంచి మీదే ఉంది.

"పిల్లలున్నాయా?" అని కింద నుంచి బావమరిది అడిగాడు.

"ఉన్నాయి."

"తాడు వదులు, బుట్ట కడతాను. ఎందుకలా మాటిమాటికీ కిందికి చూస్తావు? పడతావు."

"నువ్వు చూసేవాడివి కాదా? పైనున్నప్పుడు?"

"దేనికి?"

"సంచి ఉందో లేదోనని."

బావమరిది రెండు వేళ్లు లేని చేత్తో తాడు బిగిస్తూ, అదేదో పిచ్చి ప్రశ్నయినట్టు తలెత్తాడు.

"ఇన్నేళ్లలో ఒక్కసారీ చూడలేదు. కింద నువ్వున్నావుగా," అన్నాడు.

గూళ్లాయన రెండు చేతులా స్తంభాన్ని కావలించుకుని, నుదురు దానికి ఆనించుకున్నాడు. బుట్ట పైకి వచ్చి మోకాలికి తగిలింది. దాన్ని అందుకోవడానికి అతనికి చాలాసేపు పట్టింది.